రేకు డబ్బా మూత

జూన్ 4, మంగళవారం

ఇంట్లో చప్పుడు లేదు. ఈ ఇంట్లో మాట్లాడే మనిషి మా ఆవిడ. నేను ఊఁ అనే మనిషిని. ఇప్పుడు ఊఁ అనడానికి కూడా ఏమీ లేదు. అందుకే రాస్తున్నాను. బైండింగు షాపులో పనిచేసే రోజుల్లో, అంచులు కోయగా మిగిలిన కాగితాలతో కుట్టుకున్న పుస్తకం ఇది. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే ఉంటాయి, చదివేదీ నేనే కదా.

శనివారం పొద్దున ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉన్నదల్లా అలాగే కిందికి జారి కూర్చుంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో ఉంది. మూడు రోజులు నోట మాట లేదు.

ఈరోజు మాట వచ్చింది. మన మాట కాదు.

జూన్ 5, బుధవారం

డాక్టరు చిన్నవాడు, నెమ్మదస్తుడు. "తర్వాత నేర్చుకున్న భాష ఒక్కోసారి ముందు పోతుంది పెద్దాయనా. చిన్నప్పటిది మిగులుతుంది. పోయింది కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. ఆవిడ పుట్టింటి భాష మీకు వచ్చా?" అన్నాడు.

రాదన్నాను.

"నలభై ఆరేళ్ళ కాపురంలో ఒక్క ముక్కా?"

పక్కనే ఉన్న మా అమ్మాయి నావైపు చూసింది. నేను మంచం కింద చెప్పులు సర్దాను.

ఒక్క ముక్కా రాదనడం నిజం కాదు. ఒకటి నుంచి పదహారు దాకా వచ్చు. ఆ సంగతి ఎవరికీ తెలీదు. ఆమెకీ తెలీదు.

జూన్ 6, గురువారం

అమ్మాయిది ఫోనులో జనానికి జవాబులు చెప్పే ఉద్యోగం. ఏ ఊరి యాసా లేకుండా మాట్లాడటం అక్కడ నేర్పుతారట. పోయినేడు గొంతు బావుందని బహుమతి ఇచ్చారు. ఆ గొంతు వాళ్ళ అమ్మదే. నేనెప్పుడూ ఆ మాట అనలేదు, ఇద్దరిలో ఎవరితోనూ.

ఈరోజు వార్డు బయట బల్లమీద కూర్చుని ఏడ్చింది.

"నీళ్ళడుగుతోందో, నొప్పంటోందో కూడా తెలీడం లేదు నాన్నా. కన్నతల్లి మాట్లాడుతుంటే పరాయిదాన్లా నించున్నాను. నాకెందుకు నేర్పలేదు?"

"మీ అమ్మని అడగాల్సింది."

"అడిగాను. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు. నీ నోరు పాడవుతుంది, వద్దులే అంది."

నేను వద్దనలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను. ఏనాడూ వద్దనలేదు.

జూన్ 9, ఆదివారం

ఈ గడ్డం చూస్తే ఆమె ఏ భాషలోనైనా తిడుతుందని సెలూన్‌కి వెళ్ళాను. అక్కడ పెద్ద రభస. లోకంలో ఏ భాష అందరికంటే వినసొంపుగా ఉంటుందో వారపత్రికవాళ్ళు లెక్క తీశారట.

"మొదటిది ఫ్రెంచి," అన్నాడు సెలూనాయన, నా మొహానికి నురగ పూస్తూ. "వాళ్ళు తిట్టినా ముద్దు చేసినట్టే ఉంటుందట."

"నిన్నెవరు తిట్టారయ్యా ఫ్రెంచిలో?" అన్నాడు పోస్టుమాస్టరు. రిటైరై పదేళ్ళయింది, రోజూ అక్కడే పేపరు చదువుతాడు.

"నన్ను తిట్టడానికి మా ఇంట్లో ఒక్క భాష చాలుతోంది మాస్టారూ."

"మనది ఎన్నో నంబరో చూడు."

"లిస్టులో లేదండీ."

"అయితే ఆ పత్రిక నీ కత్తి తుడుచుకోడానికి వాడుకో. తియ్యదనం తెలీని వెధవలు రాసుంటారు. పోనీ, అన్నిటికంటే చివరిది ఏదన్నారు?"

"అది వేరే చెప్పాలా? కొండవతలి వాళ్ళది! రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు!"

అందరూ నవ్వారు. పోస్టుమాస్టరు దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"ఎవడన్నాడోగానీ సరిగ్గా అన్నాడు. మా నాన్న కూడా అనేవాడీ మాట," అన్నాడు సెలూనాయన.

ఆమె కొండవతలి మనిషని వాళ్ళకి తెలీదు. తెలిసేలా ఆమె ఎప్పుడూ వాళ్ళ ముందు మాట్లాడలేదు. నా మొహం నిండా నురగ, గొంతు మీద కత్తి. కదల్లేదు.

జూన్ 11, మంగళవారం

వార్డులో దుప్పట్లు మార్చే ఒకావిడుంది. నోరు పెద్దది.

"లే బాబాయ్, లే. దుప్పటి తియ్యాలి. అలా అతుక్కుపోయావేంటి, నీకూ ఓ మంచం వెయ్యమంటావా?"

నేను లేస్తుంటే మంచం మీంచి ఆమె ఏదో అంది. దుప్పట్లావిడ చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. తిరిగి ఏదో అంది, అదే భాషలో. ఆమె ఎడమ చెయ్యి చాపి ఆవిడ కొంగు పట్టుకుంది.

ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో. నర్సు వచ్చి దుప్పట్లావిడని కేకలేసి తీసుకుపోయింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అంత మాట ఆమెలో ఉందా. నాతో మాట్లాడినదంతా ఏ మూలకి?

జూన్ 12, బుధవారం

"బాబాయ్, సూదాయన ఎవరు?" అంది దుప్పట్లావిడ. "పొద్దుట్నించీ అడుగుతోంది అక్క. సూదాయన వచ్చాడా, సూదాయన తిన్నాడా అని."

నేనేనన్నాను.

"నువ్వా! ఇంజెక్షన్లు చేసేవాడివా?"

"బైండింగు. పుస్తకాలు కుట్టేవాణ్ణి."

మన భాషలో నన్ను ఏవండీ అనేది. ఆమె మనసులో నా పేరు సూదాయన అని ఇన్నేళ్ళకి తెలిసింది. ఎప్పటినుంచో ఆ పేరు. బహుశా మొదటినుంచే.

జూన్ 14, శుక్రవారం

దుప్పట్లావిడ నన్ను వరండాలోకి పిలిచింది.

"ఓ మాట అడుగుతాను బాబాయ్. అక్క ఏం మాట్లాడినా చివర్లో ఒకటే అంటోంది. 'ఇక డబ్బాకి మూత పెడతాలే' అని. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ అంటోంది. మా వైపు అలాంటి మాటేం లేదు. ఏం డబ్బా అది? ఇంట్లో ఏమన్నా మర్చిపోయొచ్చిందా?"

తెలీదన్నాను.

"వెతికి తెచ్చివ్వు పాపం. మనసంతా ఆ డబ్బా మీదే ఉన్నట్టుంది."

జూన్ 15, శనివారం

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ?

షాపులో ఆమె మడత బల్ల దగ్గర చేరింది. ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చునేవాళ్ళు. అచ్చయి వచ్చిన కాగితాన్ని ఎముక బద్దతో నొక్కి మడిస్తే ఒక ఫారం. పదహారు ఫారాలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఒక పుస్తకం. అది నా దగ్గరికి వస్తుంది, నేను కుడతాను. ఆమె పేరుస్తూ పైకి లెక్కపెట్టేది. ఒకటి నుంచి పదహారు, మళ్ళీ ఒకటి. తన భాషలో. మన భాష అప్పటికి ఒక్క మాట రాదు. తొమ్మిది దగ్గర గొంతు సన్నగా పైకి లేచేది. పదహారు దగ్గర వచ్చి వాలేది. ఆ తొమ్మిది వచ్చేసరికి నా సూది ఆగిపోయేది. రోజుకి ఎన్ని పుస్తకాలో అన్నిసార్లు.

కటింగు మిషను మేస్త్రీ కనిపెట్టాడు. "ఏరా, సూది ఆగిపోతోందేం? పిల్ల పాట వింటున్నావా?" అన్నాడు. షాపంతా నావైపు తిరిగింది. నలుగురు చూస్తే నాకు నోరు పెగలదు. ఆ రోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు.

"పాటేంటి? రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటేను, ఆ చప్పుడెక్కడిదా అని చూస్తున్నా" అన్నాను.

షాపు విరగబడి నవ్వింది. మేస్త్రీ వచ్చి భుజం తట్టాడు. నా జన్మలో నేనొక మాటంటే పదిమంది నవ్వడం అదొక్కసారే. ఆ రోజంతా గాల్లో తేలాను. ఇదీ రాయాలి. సంతోషపడ్డాను.

మర్నాటినుంచి ఆమె పైకి లెక్కపెట్టలేదు. పెదాలు మాత్రం కదిలేవి.

ఆ మాట షాపు దాటింది. వీధి దాటింది. ఊరి మాట అయిపోయింది. అన్నది ఎవరో జనం మర్చిపోయారు. నేనూ మర్చిపోయినట్టే ఉన్నాను.

ఏడాది తర్వాత పెళ్ళి. నేనే వాళ్ళ మామయ్యని అడిగించాను. ఆరునెలల్లో మన భాష నేర్చుకుంది. రెండేళ్ళకి ఎక్కడి మనిషో ఎవరూ పోల్చుకోలేనంత బాగా వచ్చేసింది. "ఇప్పుడు అచ్చం మనవాళ్ళలా మాట్లాడుతున్నావు" అన్నాను. ఆమెని నేను పైకి మెచ్చుకున్నది ఆ ఒక్కదానికే. వాళ్ళన్న ఎప్పుడైనా వస్తే సాగనంపుతానని వీధి చివరిదాకా వెళ్ళి గంటసేపు అక్కడే నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి అని నేను అనలేదు. వద్దనీ అనలేదు.

మన భాష రాని రోజుల్లో అన్న మాట, అర్థమై ఉండదనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. పక్కన ఐదుగురు ఆడవాళ్ళున్నారు. సైగలతోనైనా చెప్పకుండా ఉంటారా?

జూన్ 16, ఆదివారం

నేను వద్దనలేదు. వద్దనే పని లేకుండా చేశాను.

జూన్ 17, సోమవారం

దుప్పట్లావిడతో అంతా చెప్పలేకపోయాను. సగం చెప్పాను. మూడు వాక్యాలు నేర్పమన్నాను.

మూత తీసెయ్యి.

ఆ రోజు నేనన్నది అబద్ధం.

నీ గొంతు వినడానికే సూది ఆగేది.

ఆవిడ మురికి దుప్పట్ల బండి ఒక పక్కకి తోసి, "రా, కూర్చో" అంది.

జూన్ 18, మంగళవారం

"గొంతులోంచి కాదు బాబాయ్, ముక్కులోంచి. దేవుడు ముక్కిచ్చింది ముక్కుపొడి పీల్చడానికి కాదు. మళ్ళీ అను."

అన్నాను.

"ఆఁ. ఇప్పుడు జలుబు చేసిన పోలీసులా ఉంది. మళ్ళీ."

పన్నెండుసార్లు అనిపించింది. ఆ మాటలు ఇక్కడ రాద్దామనుకున్నాను. మన అక్షరాల్లో ఆ పలుకు పట్టదు.

వెళ్ళేముందు అంది: "నా దగ్గర నేర్చుకుంటున్నావుగానీ, మాది మొరటు పలుకు. అక్కది ఎగువ లోయ పలుకు. మా వైపు ఎవర్నడిగినా చెప్తారు, మాటంటే ఎగువ లోయ వాళ్ళదేనని. మా ఇంటికి ఆ లోయనుంచి దారాలమ్మే ముసలావిడ వచ్చేది. దారం అక్కర్లేకపోయినా మా అమ్మ కూర్చోబెట్టేది, ఆవిడ మాట వినడానికి. నలభై ఆరేళ్ళు ఇంట్లో పెట్టుకుని విన్నావు. అదృష్టవంతుడివి బాబాయ్."

ఊఁ అన్నాను.

జూన్ 19, బుధవారం

చెప్పలేదు. పక్క మంచం వాళ్ళ చుట్టాలు ఏడుగురు వచ్చారు.

జూన్ 20, గురువారం

చెప్పలేదు. రెండో వాక్యం ఇంకా నోరు తిరగడం లేదు. ఎగువ లోయ మనిషి దగ్గర తప్పు పలికితే ఏం బావుంటుంది. ఇంకా బాగా రానీ.

జూన్ 21, శుక్రవారం

ఈరోజు ఆమె హుషారుగా ఉంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. మధ్యలో ఒకసారి తనే నవ్వింది. నాకు రెండే మాటలు తెలిశాయి. నీళ్ళు అనే మాట. సూది అనే మాట. మిగతాది తెలీకపోయినా వింటూ కూర్చున్నాను. వినసొంపుగా ఉంది. ఎన్నేళ్ళకి రాశానీ మాట.

తర్వాత ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమంటుందో తెలుసు. ఆ క్షణాన చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. పక్క మంచం మనిషి వదినగారు తింటున్నది ఆపి మావైపే చూస్తోంది.

రేపు.

జూన్ 22, శనివారం

ఈరోజు ఆమె ఎక్కువసేపు నిద్రపోయింది. లేపడం దేనికని. రేపు ఆదివారం, వార్డులో నర్సులు కూడా తక్కువ. రేపు తప్పకుండా.

జూన్ 24, సోమవారం

నిన్న మధ్యాహ్నం ఆమెకి పక్షవాతం మళ్ళీ వచ్చింది. నేను బస్సులో ఉన్నాను. మొదటి వాక్యం పెదాలమీదే చెప్పుకుంటూ వెళ్ళాను.

ఇప్పుడు ఏ మాటా లేదు. ఇదీ లేదు, అదీ లేదు. కళ్ళు తెరిచి ఉంది. మనిషిని గుర్తుపడుతోంది. గొంతులోంచి గాలి మాత్రం వస్తోంది.

డాక్టరు అమ్మాయితో మాట్లాడాడు. నాతో మాట్లాడలేదు.

జూన్ 25, మంగళవారం

ఎవరున్నారో చూడలేదు. కుర్చీ మంచానికి ఆనించుకున్నాను. మూడు వాక్యాలూ చెప్పాను. గట్టిగానే చెప్పాను. పక్క మంచం వదినగారు నోరు తెరుచుకుని చూసింది, చూడనీ.

ఆమె నావైపే చూసింది. తెలిసిందో లేదో. జలుబు చేసిన పోలీసు పలుకే నాది. ఆమె నవ్వలేదు.

ఇంకేం చెప్పాలో తోచలేదు. నాకు వచ్చిన వాక్యాలు మూడే. అవి అయిపోయాక మిగిలినవి పదహారు అంకెలు. లెక్కపెట్టాను. నలభై ఏడేళ్ళ కిందట విన్నవి. ఎలా విన్నానో అలా.

ఐదు, ఆరు అనేసరికి ఆమె పెదాలు కదిలాయి. ఎడమవైపు మాత్రమే కదులుతాయి. నాతోపాటే వచ్చింది. తొమ్మిది దగ్గర నా గొంతు లేవలేదు, ఆమె కనుబొమ లేచింది. పదహారు దగ్గర నేను ఆగాను. ఆమె ఆగలేదు. మళ్ళీ ఒకటి. నేనూ మళ్ళీ అందుకున్నాను. అలా ఎన్ని పుస్తకాలు పేర్చామో.

చప్పుడు మాత్రం లేదు. పెదాలే. గొంతు లేకనా, మూత తియ్యకనా? డాక్టరునడిగితే గొంతు లేకే అంటాడు. అడగలేదు.

జూన్ 28, శుక్రవారం

పొద్దున పోయింది. అమ్మాయి దగ్గరుంది.

జూలై 2, మంగళవారం

ఊఁ అనబోయాను, వంటింట్లో ఏదో పడితే. గిన్నె.

జూలై 7, ఆదివారం

సెలూన్‌కి వెళ్ళాను. నన్ను చూసి సెలూనాయన రేడియో ఆపాడు. "అమ్మగారి సంగతి తెలిసింది పెద్దాయనా" అన్నాడు. పోస్టుమాస్టరు పేపరు మడిచి, కళ్ళజోడు తీసి పలకరించాడు. మంచివాళ్ళే.

నురగ పూయబోతుంటే ఆగమన్నాను.

"ఆమెది కొండవతల ఊరు," అన్నాను.

"అమ్మగారిదా? ఎప్పుడూ అనిపించలేదే! అచ్చం మనవాళ్ళలా మాట్లాడేవారు," అన్నాడు సెలూనాయన.

"రేకు డబ్బా మాట ఉంది చూడు. మీ నాన్న అనేవాడన్నావు. ముందన్నది నేను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెలూనాయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

"ఊరుకోండి. మీరా? నోట్లో నాలుక లేని మనిషి మీరు! మీరు జోకు వెయ్యడమేంటి?"

"మనసు బాలేనప్పుడు అలాగే ఉంటుంది," అన్నాడు పోస్టుమాస్టరు. "చెయ్యని తప్పులు కూడా మనవే అనిపిస్తాయి. మా ఆవిడ పోయినప్పుడు నాకూ అంతే."

మళ్ళీ చెప్పాను. నేనే అన్నానని, బైండింగు షాపులో, ఆమె ముందే అన్నానని. ఇద్దరూ జాలిగా తలూపారు. ఒక్క తప్పు ఒప్పుకోడానికి వెళ్తే నమ్మేవాళ్ళు లేరు.

"పోనీ ఎవరో అన్నారు. నువ్వు మాత్రం ఇక అనకు," అన్నాను.

"అనను పెద్దాయనా. నా పిల్లలమీద ఒట్టు," అన్నాడు. బ్రష్షు మళ్ళీ నీళ్ళలో ముంచి నురగ పూయడం మొదలుపెట్టాడు.

జూలై 14, ఆదివారం

అమ్మాయి వచ్చింది. ఆమె బట్టలు సర్దడానికి. రెండు చీరలు సర్ది ఆపేసి, నా పక్కన వచ్చి కూర్చుంది. నేను ఈ పుస్తకం వెనకాల ఊడిన ఫారాన్ని మళ్ళీ కుడుతున్నాను. దారానికి మైనం పట్టిస్తున్నాను.

"అమ్మ దగ్గర కూర్చుని ఏదో లెక్కపెట్టావట. దుప్పట్లావిడ చెప్పింది. నీకు వచ్చని నాకు తెలీదు."

"పదహారు దాకానే."

"నాకు చెప్పు నాన్నా."

ఒకటి, రెండు చెప్పాను. మూడు చెప్పాను. నాలుగు నేను అనకముందే అమ్మాయి అంది.

నేను చూశాను.

"ఆగు నాన్నా. ఇది నాకు తెలుసు," అంది. మొహం పాలిపోయింది. "నువ్వు షాపుకి వెళ్ళాక అమ్మ నాకు జడ వేస్తూ ఇది పాడేది. పాట అనుకున్నాను. ఒక్కో పాయకి ఒక్కో మాట. నువ్వొచ్చే టైమయితే ఆపేసేది. ఇవి అంకెలా?"

అంకెలేనన్నాను.

అమ్మాయి కళ్ళు మూసుకుంది. చేతులు ఒళ్ళో జడ అల్లుతున్నట్టు కదులుతున్నాయి. ఐదు. ఆరు. మొదట ఫోనులో మాట్లాడే గొంతే, ఏ ఊరిదీ కానిది. ఏడు అనేసరికి అది జారిపోయింది. తొమ్మిది దగ్గర గొంతు సన్నగా పైకి లేచింది. నేను నేర్పింది కాదది. నాకు రాదు. పదహారు దగ్గరకొచ్చి వాలింది.

సూది ఆగిపోయింది.

"ఏంటి నాన్నా, ఆపేశావు? తప్పు చెప్పానా?"

"లేదు. బావుంది. వినడానికే ఆపాను," అన్నాను.

ఆ రోజు మేస్త్రీ అడిగినదానికి జవాబు ఇంతే. అడిగినవాడూ లేడు, వినాల్సిన మనిషీ లేదు. అమ్మాయి మాత్రం మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.